దారం కొరకలేకపోతున్నాను, ఇది పళ్ల జబ్బేనా?

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలుంది. రాసినావిడ వయసు 47. ఒక చిన్న పట్నంలో ప్రభుత్వ పాఠశాల టీచరు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి అవి వదిలేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

తొమ్మిదేళ్ల కిందట ఆమెకు వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి ముడుచుకోక, తిరగ్గా తిరగ్గా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్లజబ్బు అని తేలింది. ఆ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికోసారి వేసుకుంటూ బాగానే నెట్టుకొచ్చారు. మాత్ర వేసుకున్న మర్నాడు వికారం, పైగా జుట్టు రాలడం. అవి భరించలేక రెండేళ్ల కిందట ఎవరికీ చెప్పకుండా మానేశారు. "వేళ్లు పెద్దగా నొప్పి లేవు కదా, జబ్బు పోయిందనుకున్నాను" అని రాశారు. నొప్పి ఎక్కువైన రోజు మందుల షాపులో అడిగి ఏదో మాత్ర తెచ్చుకుంటారు. ఈమధ్య అలాంటి రోజులు ఎక్కువయ్యాయి.

ఏడాదిగా రెండు చెవుల ముందూ పోటు. పొద్దున లేవగానే నోరు తెరుచుకోదు, ఇడ్లీ తినాలన్నా అరగంట ఆగాలి. నమిలితే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు. చెవి డాక్టరు చుక్కల మందు ఇచ్చారు, తగ్గలేదు. పళ్ల డాక్టరు జ్ఞానదంతం తీశారు, అయినా తగ్గలేదు. ఆయన మీద ఆమెకు చాలా కోపంగా ఉంది. ఇంకో క్లినిక్కులో "వెనక పళ్లు ఎత్తుగా తగులుతున్నాయి, అరగదీసి క్యాపులు వేస్తే ముందు పళ్లు కలుస్తాయి" అన్నారు. నగరంలో ఒక సర్జన్ ఎక్స్‌రే చూసి, దవడ కీలు మార్చాల్సి రావచ్చు, లక్షల్లో అవుతుంది అన్నారు.

మాఘంలో పెద్దమ్మాయి పెళ్లి. ఇంకా నాలుగు నెలలుంది. నిశ్చితార్థం రోజు గారె కొరకలేక విస్తట్లో వదిలేస్తే కాబోయే వియ్యపురాలు "అదేంటి వదినగారూ, ఏమీ తినలేదు?" అని అడిగారట. ఈవిడ ఉపవాసమని చెప్పారట. కీళ్లజబ్బు సంగతి తెలిస్తే "రేపు పిల్లకీ వస్తుందేమో" అంటారని భయం. పళ్ల క్లినిక్కులో కాగితం నింపేటప్పుడు కూడా "ఇతర జబ్బులు" అన్నచోట "లేవు" అని రాశారు. అక్కడ కూర్చునే అమ్మాయిది పెళ్లికొడుకు వాళ్ల ఊరట. భర్తేమో "పెళ్లయ్యేదాకా ఓర్చుకో" అంటున్నారు. క్యాపులా, సర్జరీనా, ఆగడమా? అమ్మాయికి వస్తుందా? అవతలివాళ్లకు చెప్పాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

చివరి పేజీలో, సంతకం దగ్గర, గుర్తొచ్చినట్టు ఇంకో మాట రాశారు. "మొన్న జాకెట్టుకు హుక్కు కుట్టుకుంటూ దారం కొరకబోతే తెగలేదు. పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య సందు వచ్చింది. ఎప్పుడొచ్చిందో తెలియదు."

అమ్మా, నాలుగు పేజీల్లో నన్ను ఆపింది ఆ దారం మాటే. మిగతావన్నీ చాలా మందికి చాలా కారణాలతో వస్తాయి. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లకీ, టెన్షన్‌తో దవడ బిగించేవాళ్లకీ చెవి ముందు నొప్పి ఉంటుంది. కానీ అంతకుముందు దారం కొరికిన పళ్లు, మధ్యలో ఒక్క పన్నూ కదలకుండా, 47వ ఏట దారం అందుకోలేకపోతున్నాయంటే, మొదట పళ్లను కాదు, ఆ పళ్లను మోసే దవడను, అది వేలాడే కీళ్లను చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదే అని ముద్ర వేయను. నేను కూడా పళ్ల డాక్టర్నే, చూడకుండా తేల్చెయ్యడం ఎంత ప్రమాదమో తెలిసినదాన్ని. అయితే మీ ఉత్తరాన్ని బట్టి అనుమానం మాత్రం బలంగానే ఉంది.

రెండు చూపుడు వేళ్లు చెవుల ముందు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేళ్ల కింద గుండ్రటి ఎముక కదులుతుంది చూడండి, అదే దవడ కీలు. మొదట తలుపులా తిరుగుతుంది, తర్వాత ముందుకు జారుతుంది. మధ్యలో మెత్తటి దిండులాంటి డిస్కు ఉంటుంది. చుట్టూ పల్చటి పొర. మీ వేలి కణుపుల్లో ఉన్నదీ అదే రకం పొర. రుమటాయిడ్ దాడి చేసేది దానిమీదే. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న ఎముకను కొరుకుతుంది. వేళ్లలో అయితే వాపు కళ్లకు కనబడుతుంది. దవడలో కనబడదు. అందుకే చాలామందికి దవడ సంగతి ఆలస్యంగా, జబ్బు మొదలైన చాలా ఏళ్లకు గానీ బయటపడదు. ఆ కీలుకూ చెవి ముందు చర్మానికీ స్పర్శ అందించే నరం ఒకటే. అందుకే నొప్పి చెవిదే అనిపిస్తుంది, చెవిలో చూస్తే ఏమీ ఉండదు. చెవి డాక్టరు చేసిన తప్పేమీ లేదు.

ఇక సందు ఎందుకొచ్చిందంటే, రెండువైపులా ఆ గుండ్రటి ఎముక అరిగి పొట్టిదైతే దవడ వెనక భాగం కాస్త పైకి వెళుతుంది. వెనక పళ్లు ముందుగా తగులుతాయి, ముందు పళ్లు కలవకుండా ఉండిపోతాయి. కొందరికి గడ్డం కూడా వెనక్కి జారినట్టు కనబడుతుంది. పాత ఫొటోలుంటే, ముఖ్యంగా పక్కనుంచి తీసినవి, పక్కపక్కన పెట్టి చూడండి. డాక్టరుకు అవి ఎంతో ఉపయోగపడతాయి.

అందుకే క్యాపుల మాటకు నేను వెంటనే వద్దంటున్నాను. పాత ఇళ్లలో మడతబందు అరిగి తలుపు జారితే అంచు గడపకు రాసుకుంటుంది. వడ్రంగి వచ్చి అంచును చిత్రిక పడితే ఆ నెలకు తలుపు పడుతుంది. బందు ఇంకా జారుతూనే ఉంటే? మళ్లీ రాసుకుంటుంది, మళ్లీ చిత్రిక. పన్ను ఒకసారి అరగదీస్తే మళ్లీ పెరగదు. కీలు జబ్బు ఆగిందని తేలేదాకా పళ్ల మీద తిరిగిరాని పని ఏదీ చేయించుకోకండి. క్యాపులు వద్దు, క్లిప్పులు వద్దు, అరగదీయడమూ వద్దు. పెళ్లి ఫొటోల కోసమైతే అసలే వద్దు. జబ్బు అదుపులోకి వచ్చి, కొన్ని నెలలపాటు పళ్లు కలిసే తీరు మారకుండా ఉంటే అప్పుడు అదే క్యాపుల ఆలోచన మంచిది కావచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. జ్ఞానదంతం తీసిన డాక్టరు మీద కోపం రాశారు. ఆయన ముందున్న కాగితంలో "ఇతర జబ్బులు: లేవు" అని మీ చేతిరాతే ఉంది. దవడ చివర నొప్పి, నోరు సరిగ్గా తెరుచుకోదు, జ్ఞానదంతం వంకరగా ఉంది, వేరే జబ్బేమీ లేదు అంటే ఆ పన్నునే అనుమానించడం వింతేమీ కాదు. చదువుకున్న కొత్తలో నేనూ ఒకావిడకు అలా ఒకటి పీకాను. ఆ తర్వాత ఆవిడ చేతివేళ్ల వైపు చూశాను. అప్పటినుంచీ నోరు తెరవమనడానికి ముందు చేతులు చూపించమంటాను. ఆయన మీ చేతులు చూసి ఉండాల్సిందే, కాదనను. అయినా దాచింది మీరు. పెళ్లివారి దగ్గర దాచడం ఒకటి, డాక్టరు దగ్గర దాచడం మరొకటి. ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. ముందు వీటిని విడదీయండి.

మందు మానడం గురించి. వేళ్లు నొప్పి లేవంటే జబ్బు పోయిందని కాదు. అది ఒక కీలులో నిద్రపోతూ ఇంకో కీలులో పనిచేస్తూ ఉండగలదు. షాపు మాత్రలు నొప్పిని కప్పుతాయి, ఎముక అరగడాన్ని ఆపవు. వాటిలో ఏముందో మీకు తెలియకపోతే ఖాళీ అట్టలు దాచి డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్రతోపాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తే ఆ పూటకు అద్భుతంగానే ఉంటుంది, షుగరు, బీపీ, ఎముకల బలం సంగతి తర్వాత తెలుస్తుంది. ఆర్‌ఎంపీలు ఇచ్చే పేరులేని పొడులదీ ఇదే కథ.

కాబట్టి మొదటి మజిలీ రుమటాలజిస్టు, అంటే కీళ్లజబ్బుల డాక్టరు. అరిగిన ఎముక తిరిగి రాదు, కానీ అరుగుదల ఆగుతుంది. అది ఆపగలిగేది ఆయన మందే. పాత మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని మీరే మొదలుపెట్టకండి. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేసి, ఎంత డోసో ఆయన తేలుస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. వికారం గురించి సిగ్గుపడకుండా చెప్పండి. రాత్రి భోజనం తర్వాత వేసుకోవడం, అదే రోజు డోసును రెండుగా చేసుకోవడం, ఫోలిక్ యాసిడ్ సర్దడం, మాత్ర బదులు చర్మం కింద ఇంజెక్షన్... దారులు చాలా ఉన్నాయి. అస్సలు పడకపోతే వేరే మందులున్నాయి, వాటితోనూ లొంగకపోతే, వాపును నడిపే పదార్థాలను అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. వాటి ఖర్చు ఎక్కువ, మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. మెథోట్రెక్సేట్ ప్రభావం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. లెక్క చూసుకోండి. ఈ నెలలో మొదలుపెడితే మాఘానికి దాని ఫలితం మీ చేతిలో ఉంటుంది. మీవారన్నట్టు పెళ్లయ్యేదాకా ఓర్చుకుంటే ఆ నాలుగు నెలలూ ఎముక అరుగుతూనే ఉండవచ్చు. ఓర్చుకోవడం ఖర్చులేని దారిలా కనబడుతుంది, కానీ వీటన్నింటిలోకీ ఖరీదైనది అదే కావచ్చు.

హైదరాబాద్ వెళ్లగలిగితే నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. దవడ వరకు హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో నోటి సర్జరీ విభాగాలున్నాయి. మీరు ప్రభుత్వోద్యోగి కాబట్టి హెల్త్ కార్డు ఉండి ఉంటుంది, ఏయే పరీక్షలకు పనికొస్తుందో ముందే అడగండి. వెళ్లేటప్పుడు తొమ్మిదేళ్ల కాగితాలన్నీ తీసుకెళ్లండి.

దవడకు మామూలుగా ముందు ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రే తీస్తారు. మీకు తీసింది అదే అయ్యుండాలి. అది ఎముక బాగా పాడైతేనే చూపిస్తుంది. అరుగుదల సరిగ్గా తెలియాలంటే ఎముకను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాను, వాపు ఇప్పుడు ఉందా లేదా తెలియాలంటే రంగుమందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ. అన్నీ అందరికీ అక్కర్లేదు. కానీ కీలు మార్చాలని ఒక్క ఓపీజీ చూసి ఎవరన్నా అంటే, ఎంఆర్ఐ చూసి చెబుతారా అని అడిగే హక్కు మీకుంది.

ఈలోగా నొప్పికి ఏం చేయాలి? రాత్రిపూట పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి చేస్తారు, స్ప్లింట్ అంటారు. ముందు పళ్లను అది కలపదు, కండరాలకూ కీలుకూ విశ్రాంతి ఇస్తుంది. వరసలోని పళ్లన్నిటినీ కప్పేదే చేయించుకోండి. కొన్నిటినే కప్పేది ఎక్కువకాలం వాడితే పళ్లు కలిసే తీరు ఇంకా మారుతుంది. నెలనెలా చూపించుకోవాలి. దానితో చాలకపోతే, రెండు సూదులతో కీలులో సెలైన్ పంపి కడగడం ఉంది, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నొప్పి కొన్ని వారాలో, నెలలో తగ్గుతుంది. మాటిమాటికీ వేయించుకుంటే కీలుకే చేటు. పెళ్లి ముందు ఒకసారి వేయించుకోవడం నా దృష్టిలో తప్పేమీ కాదు, రుమటాలజిస్టుకు తెలిసి జరగాలి, అంతే.

సర్జరీ గురించి భయపడకండి, అలాగని కొట్టిపారేయకండి. కీలు పూర్తిగా పాడైనవాళ్లకు, ఎముకలు అతుక్కుపోయి నోరు తెరుచుకోనివాళ్లకు, లోహంతో, ప్లాస్టిక్‌తో చేసిన కీలు పెట్టడం నిజంగా మేలు చేస్తుంది. మామూలుగా పెద్దవాళ్లకు నోరు 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. మీ సొంత చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. మీకు రెండు వేళ్లు పడుతున్నాయని రాశారు కాబట్టి ఆ స్థితి కాదు. కీలు మారిస్తే నొప్పి తగ్గి నోరు తెరుచుకుంటుంది, ముందుకు జారే కదలిక మాత్రం పూర్తిగా రాదు. ఇన్ఫెక్షన్, ముఖం నరానికి దెబ్బ లాంటి ప్రమాదాలున్నాయి. మందులతో జబ్బును అదుపు చేసి చూడకుండా నేరుగా అక్కడికి వెళ్లడం తొందరపాటు. ఒకవేళ దీనికి కాకపోయినా ఏ ఆపరేషన్‌కైనా వెళ్లాల్సివస్తే, మీకు రుమటాయిడ్ ఉందనీ నోరు తక్కువ తెరుచుకుంటుందనీ మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఈ జబ్బు మెడ పైఎముకలను కూడా వదులు చేయగలదు, ఊపిరి గొట్టం వేసేటప్పుడు ఆయన జాగ్రత్తపడాలి.

ఇంట్లో చేసుకునేవి. పొద్దున్నే వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చెవుల ముందు పది నిమిషాలు. తర్వాత నాలుక కొన అంగిట్లో ఆనించి నోరు నొప్పి రానంత మేరకు మెల్లగా తెరిచి మూయడం. వాపుగా ఉన్నప్పుడు ఐస్‌క్రీం పుల్లలు పేర్చి బలవంతంగా తెరవొద్దు. తినకుండా ఉన్నప్పుడు పెదాలు కలిసి ఉండాలి, పళ్లు మాత్రం విడిగా ఉండాలి. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టండి. టీచర్లు మెడలో వేసుకునే చిన్న మైకులున్నాయి, ఒకటి కొనుక్కోండి, అరవడం తగ్గుతుంది. తిండి మెత్తగా ఉండాలి గానీ జావే తాగుతూ చిక్కిపోకూడదు. ముద్దపప్పు, పెసరకట్టు, మెత్తగా ఉడికిన కూర, గుడ్డు, పెరుగన్నం. జంతికలు, చెరుకు, గట్టి జొన్నరొట్టె కొన్నాళ్లు పక్కన పెట్టండి. మునక్కాడ మీద ఆశ ఉంటే గుజ్జు చెంచాతో గీరుకుని తినండి. నోరు తక్కువ తెరుచుకుంటే వెనక పళ్లు శుభ్రం కావు, ఈ జబ్బున్నవాళ్లకు చిగుళ్ల జబ్బు, నోరు ఎండిపోవడం కూడా ఎక్కువ. చిన్నపిల్లల బ్రష్షు కొని, వేళ్లకు పట్టు దొరికేలా పిడికి గుడ్డ చుట్టుకోండి.

రెండు సంగతులకు మాత్రం ఆగకండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగుతూ చెమట, ఆయాసం వస్తే అది గుండె కావచ్చు. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్లకన్నా ఎక్కువ. మందు మళ్లీ మొదలుపెట్టాక జ్వరంతో దవడ వాచినా, నోట్లో పుళ్లు లేచినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.

అమ్మాయికి వస్తుందా అంటే, తల్లికి ఉంటే బిడ్డకు అవకాశం మామూలు కన్నా రెండు మూడు రెట్లు ఉండవచ్చు. కానీ ఈ జబ్బే నూటికి ఒకరికో అంతకన్నా తక్కువ మందికో వస్తుంది. అది రెండు మూడు రెట్లైనా, తల్లికి ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి రానే రాదు. పెళ్లి ఆపే లెక్క కాదిది.

చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, నేను శాసించను. చెప్పకపోతే పెళ్లి గడిచిపోతుంది. కానీ రేపు పండగలకు, పురుళ్లకు రాకపోకలుంటాయి. ప్రతి విస్తరి ముందూ ఒక ఉపవాసం వెతుక్కోవాలి. నలుగురి ద్వారా వాళ్లకే తెలిస్తే "దాచారు" అనే మాట జబ్బుకన్నా పెద్దదవుతుంది. ఇప్పుడే చెబితే ఒక పూట ఇబ్బంది ఉంటుంది, వాళ్లు ఎలాంటివాళ్లో కూడా తెలుస్తుంది. మధ్యదారి ఒకటుంది. ముందు అమ్మాయితో మాట్లాడండి. ఇది ఆమె పెళ్లి, పైగా తన తల్లి ఆరోగ్యం గురించి ఆమెకు ఎంత తెలుసో ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమె ఆ అబ్బాయికి మామూలు మాటల్లో చెప్పుకోగలదేమో అడగండి. వియ్యపురాలి దగ్గర "దవడ కీలు నొప్పి వదినగారూ, మందు వాడుతున్నాను, గట్టివి నమలలేను" అంటే చాలు. అందులో అబద్ధం లేదు, జాతకం చెప్పినట్టూ ఉండదు. నా మనసుకైతే ఇదే మంచిదనిపిస్తోంది.

మీవారిని రుమటాలజిస్టు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. "ఓర్చుకో" అన్న మాట ఆయన నోట డాక్టరు ముందు ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం.

జ్ఞానదంతం తీసిన క్లినిక్కుకు ఈ వారమే వెళ్లి కాగితంలో "లేవు" కొట్టేసి నిజం రాయించండి. అక్కడ కూర్చునే ఆ అమ్మాయి చూస్తుందనిపిస్తే డాక్టరు గదిలోనే అడిగి రాయించండి. అప్పటిదాకా దారానికి కత్తెర వాడండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. నోరు ఎన్ని వేళ్లు తెరుచుకుంటోందో వారానికోసారి, ఒకే సమయానికి, తేదీతో రాసి పెట్టుకుంటే అదీ పంపండి.